ఆరబెట్టకూడని గింజలు

చెట్టూ చేమా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం లండనుకు దగ్గరలో ఒక ఊళ్ళో ఉంటుంది. కిందటి అక్టోబరులో మేము అక్కడ ఉన్నప్పుడు మా మనవరాలు బడి నుంచి వచ్చే దారిలో ఓక్ చెట్టు కింద రాలిన కాయలు జేబునిండా ఏరుకొచ్చి, హాల్లో కిటికీ దగ్గర గాజుగిన్నెలో పోసి పెట్టుకుంది. సంక్రాంతి వెళ్ళాక వాటిలో పన్నెండు కాయలు కుండీలో నాటితే జూను వచ్చినా ఒక్కటీ మొలవలేదట. పిల్ల చాలా చిన్నబుచ్చుకుంది. ఈ సెప్టెంబరులో మళ్ళీ వెళుతున్నాము. ఈసారి ఎలా నాటాలి? తిరిగి వచ్చేటప్పుడు నాలుగు కాయలు తెచ్చి మా లేఅవుటు పార్కులో నాటాలని మా వారి కోరిక. అది కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ మనవరాలు నాటడంలో లోపమేమీ లేదు. ఆ కాయలు కుండీలోకి చేరేసరికే వాటిలో ప్రాణం పోయి ఉంటుంది. హీటరు వేసిన ఇంట్లో, కిటికీ పక్కన, మూతలేని గిన్నెలో మూడు నెలలు ఉన్న ఓక్ కాయ పైకి నున్నగా, గోధుమరంగులో అందంగానే కనిపిస్తుంది గాని, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పప్పు గలగలలాడుతుంది. పప్పు ఎండి పెంకు నుంచి విడిపోయిందనడానికి అది గుర్తు. గలగలలాడే కాయను ఎంత మంచి మట్టిలో పెట్టినా లాభం ఉండదు.

విత్తనం అనగానే మనకు కళ్ళమూ ఎండా గుర్తుకు వస్తాయి. వడ్లను, కందులను, మినుములను పంటికింద వేస్తే టక్కున విరిగేదాకా ఎండబోసి, బూడిదో వేపాకో కలిపి, కుండల్లో పోసి మూతి బిగించడం మన పెద్దల అలవాటు, ఆ గింజలకు అది సరైన పద్ధతి కూడా, ఎందుకంటే అవి ఎంత బాగా ఆరితే అంత ఎక్కువ కాలం నిలుస్తాయి. ఓక్ కాయ ఆ తెగకు చెందినది కాదు. చెట్టు నుంచి అప్పుడే రాలిన కాయ బరువులో 40 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి, నీరే ఉంటుంది. ఆ నీరు తగ్గేకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతూ వచ్చి, ఒక హద్దు దాటాక మళ్ళీ నానబెట్టినా తిరిగి రాదు. మన పనస, మామిడి, నేరేడు గింజలదీ ఇదే స్వభావం. పనసపిక్కలను రెండు నెలలు అటక మీద ఉంచి, ఆ తరవాత నాటి చూసినవారికి ఈ సంగతి నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక ఈసారి చేయవలసినది. ఇంగ్లండులో స్వతహాగా పెరిగే ఓక్‌లు రెండు రకాలు. ఒకదాని కాయలు పొడవాటి కాడకు వేలాడుతాయి, దాని ఆకుకు తొడిమ ఉండీ లేనట్టు ఉంటుంది. రెండోది దీనికి తారుమారు: ఆకుకు తొడిమ స్పష్టంగా ఉంటుంది, కాయ మాత్రం కొమ్మకు అంటుకున్నట్టే ఉంటుంది. లండను చుట్టుపక్కల పల్లపు నేలల్లో ఎక్కువగా కనిపించేది మొదటిదే, దాని శాస్త్రీయ నామం క్వెర్కస్ రోబర్. నాటే పద్ధతి రెండింటికీ ఒకటే. వీధుల వెంట, పార్కులలో అమెరికా నుంచి తెచ్చి పెంచిన ఎర్ర ఓక్ కూడా ఉంటుంది. ఆకు అంచులు అలల్లా గుండ్రంగా తిరగక, మొనలు తేలి సూదిగా ఉంటే ఆ చెట్టును వదిలేయండి. ఇంకొక జాగ్రత్త: లండనులోని రాయల్ పార్కులలో రాలిన కాయలనైనా ఏరుకుపోవడం నిషిద్ధం. మీ మనవరాలి బడిదారిలోని చెట్టో, ఇరుగుపొరుగు వారి చెట్టో అయితే, ఒక మాట అడిగి ఏరుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు రాలే కాయలను చూసి తొందరపడకండి. వాటిలో చాలా భాగం ముక్కుపురుగు పట్టినవే. మన బియ్యంలో తిరిగే ముక్కుపురుగుకు దూరపు చుట్టమైన ఈ పురుగు, కాయ లేతగా ఉన్నప్పుడే తన పొడవాటి ముక్కుతో తొలిచి లోపల గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు పప్పంతా తిని, ఆవగింజంత గుండ్రటి కన్నం చేసుకుని బయటపడుతుంది. కాబట్టి సెప్టెంబరు చివరనుంచి అక్టోబరు నెలంతా రాలేవాటిలో కన్నం లేనివి, బరువుగా చేతికి తగిలేవి, గోధుమరంగుకు తిరిగి టోపీ సులువుగా ఊడివచ్చేవి ఏరండి. ఇంటికి రాగానే బాల్చీ నీళ్ళలో వేసి ఒక పూట వదిలేయండి. తేలిన వాటిని పారేసి, మునిగిన వాటిని తీసుకోండి. ఒక్క చెట్టు కావాలన్నా పాతిక కాయలైనా నాటడం మంచిదని నా అభిప్రాయం. ఉడతలకూ ఎలుకలకూ వాటి వంతు ఎలాగూ పోతుంది.

ఏరిన వారంలోనే నాటండి. కుండీ వెడల్పుకన్నా లోతు ముఖ్యం, 8 నుంచి 12 అంగుళాల లోతు ఉండాలి, అడుగున నీరు పోయే కన్నాలు ఉండాలి. కాయను నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి, పైన ఒక అంగుళం మట్టి కప్పితే చాలు. వేరు బయటికి వచ్చేది సూదిమొన వైపు నుంచి. అడ్డంగా ఉన్న కాయ నుంచి వేరు కిందికీ, ఆ తరవాత మొలక పైకీ వాటంతట అవే దారి చూసుకుంటాయి. కుండీని ఇంట్లో ఉంచకూడదు. పెరట్లో, చలిలోనే ఉండాలి. పైన సన్నని ఇనుప జల్లెడ వల బిగించండి. మట్టి తడిగా ఉండాలే తప్ప బురద కాకూడదు. ఇక్కడ మీ మనవరాలికి ముందుగానే ఒక మాట చెప్పి ఉంచాలి: ఈ ఓక్‌కు వేరు శరత్తులోనే పుడుతుంది గాని, మొలక నేలపైకి తొంగిచూసేది ఏప్రిల్, మే నెలల్లోనే. ఆ ఐదారు నెలలు కుండీ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. విసుగుపుట్టి మట్టి తవ్వి చూడకుండా ఉంటే సగం పని అయినట్టే.

ఒకవేళ వెంటనే నాటే వీలు లేకపోతే, తడి కొబ్బరిపొట్టులోనో మాగిన ఆకుల ఎరువులోనో కాయలను కలిపి, ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి వదులుగా కట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచవచ్చు. రెండు వారాలకొకసారి విప్పి చూడండి. వేరు కనిపిస్తే ఇక ఆగకుండా నాటేయాలి. తీసేటప్పుడు వేరు కొస విరిగితే కంగారు పడనక్కరలేదు, పక్కనుంచి మరో వేరు పుడుతుంది.

ఉడతల మాట వచ్చింది గనక ఒక విశేషం. అక్కడి బూడిదరంగు ఉడత అమెరికా నుంచి వచ్చినది. తన సొంత దేశంలో అది ఓక్ కాయలను చలికాలానికి దాచుకుంటుంది. అయితే శరత్తులోనే వేరు పుట్టే రకాలను పాతిపెట్టేముందు, మొలక దాగిన మొనను పళ్ళతో కొరికి తీసేస్తుందని పరిశోధకులు గమనించారు. మొలకెత్తిన కాయ దాని తిండికి నిలవదు మరి. కాయకు ప్రాణం ఎక్కడుందో దానికి మనకన్నా బాగా తెలుసు.

తొలి వేసవిలో మొక్క జానెడు నుంచి అడుగు దాకా ఎదుగుతుంది. వేసవి చివర ఆకులపై తెల్లటి పొడి పేరుకుంటే అది బూడిద తెగులు, మన బెండ, గుమ్మడి ఆకుల మీద చూసేలాంటిదే. కుండీని గాలి ఆడేచోట పెట్టి, నీరు తగ్గకుండా చూస్తే చాలావరకు తట్టుకుంటుంది. మొక్కకు ఒకటి రెండేళ్ళు నిండాక, ఆకు రాల్చి ఉన్న నవంబరు–మార్చి నెలల మధ్య నేలలో నాటాలి. చిన్న పెరడు దీనికి చాలదు. ఇంటి గోడలకు చాలా ఎడంగా, విశాలమైన చోటు, దాని యజమాని అనుమతితో చూసుకోవాలి. నాటాక మూడేళ్ళపాటు చుట్టూ ఒక మీటరు మేర గడ్డి పెరగకుండా చూడడం ఎరువుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఈ జాతి చెట్టు సాధారణంగా 40 ఏళ్ళ వయసుకు గాని కాయ పట్టదు. ఆ కాయలు ఏరే వేళకు మీ మనవరాలే అమ్మమ్మ అయ్యే వయసుకు దగ్గరపడుతుంది.

ఇక మీ వారి కోరిక. దానికి మాత్రం వద్దనే చెబుతాను. విదేశాలనుంచి నాటడానికి పనికివచ్చే గింజలను, మొక్కలను తేవాలంటే మన దేశపు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతీ, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టుకొచ్చే వస్తువు కాదది. పైన చెప్పిన పురుగు లోపలే నిద్రపోతూ ఉండవచ్చునన్నది ఈ నిబంధన వెనక ఉన్న కారణాలలో ఒకటి. నిబంధన మాట పక్కన పెట్టినా, ఏటా ఆకు రాల్చి, గడ్డకట్టే చలిలో నిద్రపోయి లేచే చెట్టుకు బెంగళూరు డిసెంబరు చలి చలే కాదు. మన దేశంలో ఓక్‌లు లేకపోలేదు, ఉత్తరాఖండ్ కొండల్లో బాంజ్, ఖర్సూ పేర్లతో అడవులకు అడవులే ఉన్నాయి. అయితే అవన్నీ హిమాలయాలవీ, ఈశాన్యపు కొండలవీ. దక్కను పీఠభూమికి సొంతమైన ఓక్ లేదు. మీ పార్కులో ఓక్‌లాంటి గుణాలున్న చెట్టే కావాలంటే, అంటే నిదానంగా పెరిగి, తల్లివేరు లోతుకు దించి, తరాలపాటు నిలిచి, పక్షికీ పశువుకూ తిండిపెట్టేది కావాలంటే, నేను ఇప్పనే సూచిస్తాను. దాని సంగతి చివరి ప్రశ్నకు జవాబులో చూడండి.

ప్రశ్న: బెంగళూరులో మా వీధి పొడవునా సిల్వర్ ఓక్ చెట్లు ఉన్నాయి. మీరేమో ఇక్కడికి ఓక్ పనికిరాదంటున్నారని మా స్నేహితుడు చెప్పాడు. మరి వీటి మాటేమిటి? వీటికి ఓక్ కాయలు ఎందుకు కాయవు?
– ఒక పాఠకుడు, బసవనగుడి, బెంగళూరు

జవాబు: పేరులో తప్ప దానికి ఓక్‌తో చుట్టరికం లేదు. అది ఆస్ట్రేలియా తూర్పు తీరపు చెట్టు, శాస్త్రీయ నామం గ్రెవిల్లియా రొబస్టా, కుటుంబమే వేరు. దాని కలప నార ఓక్ కలపను పోలి ఉండడం వల్లా, ఆకు అడుగుభాగం వెండిలా మెరవడం వల్లా ఆ పేరు పడింది. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడకోసం, మిరియాల తీగ పాకించడానికి విరివిగా పెంచుతున్నారు. దాని కాయలో ఉండేవి పలుచని రెక్కలున్న గింజలు, గాలికి ఎగిరిపోతాయి. అవి ఆరినా బతుకుతాయి గనక నర్సరీలకు సులువు. వీధి నిండా అదే కనిపించడానికి నా లెక్కలో అది పెద్ద కారణం.

ప్రశ్న: మైలాపూరు కపాలీశ్వరుని గుడిలో స్థలవృక్షమైన పొన్నచెట్టును చూసి, అలాంటిది మా కాలనీలో పెంచాలనిపించింది. బీసెంట్ నగర్ సముద్రపు ఒడ్డున రాలిన పొన్నకాయలు తెచ్చి పై తోలు ఒలిచి, ఇరవై నాటాను. నెలన్నర అయింది. ఒక్కటీ పైకి రాలేదు. పారేయమంటారా?
– ఒక పాఠకుడు, మందవెల్లి, చెన్నై

జవాబు: పారేయకండి. ఒకదాన్ని తవ్వి తీసి పగలగొట్టి చూడండి. పప్పు గట్టిగా, తెల్లగా, గోరుతో గిచ్చితే జిడ్డు తగిలేలా ఉంటే మిగతావి బతికే ఉన్నాయని నమ్మవచ్చు. మెత్తబడి వాసన వస్తే ఆశ వదులుకోవాలి.

మీరు ఒలిచింది పై తోలు మాత్రమే. దానికింద చెక్కలాంటి గట్టి పెంకు ఒకటి ఉంటుంది. ఈ కాయ అలలమీద తేలుతూ ఒక తీరం నుంచి మరో తీరానికి చేరేది ఆ పెంకు చలవవల్లనే. పెంకుతోనే నాటితే మొలకకు దాదాపు రెండు నెలలు పడుతుంది. పెంకును పూర్తిగా తీసి పప్పును మాత్రమే నాటితే మూడు వారాల్లోనే మొలక కనిపిస్తుంది. మళ్ళీ నాటేటప్పుడు కాయను గచ్చుమీద నిలిపి, చిన్న రాయితో బాదంకాయ కొట్టినట్టు మెల్లగా కొట్టండి. పెంకుకు బీట పడితే చాలు, పప్పు నలగకూడదు. నలిగిన పప్పుకు చెన్నై ఉక్కపోతలో రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న మట్టిలో, సగం నీడలో, గింజ మునిగేంత లోతులోనే నాటండి. ఉప్పుగాలికి ఓర్చుకునే చెట్టు గనక సముద్రం దగ్గరి కాలనీలకు ఇది నిజంగా తగినది. కాకపోతే గుబురుగా విస్తరిస్తుంది, కారు నిలిపే చోటుకు పైన వద్దు. ఆ గుండ్రటి కాయలు అద్దాల మీద పడి మీకు మాట తెస్తాయి.

ప్రశ్న: దేవనహళ్ళి దగ్గర మా అత్తవారి ఊరి గుండుతోపులో పెద్ద ఇప్పచెట్లు ఉన్నాయి. జూన్ చివర వాటి గింజలు తేవచ్చునంటున్నారు. మొదట గింజలే నాటాలా, నర్సరీ మొక్క కొనాలా? మా దగ్గర ఇప్పటికే ఒక నర్సరీ మొక్క ఉంది, రెండేళ్ళుగా నల్ల కవరులోనే ఉండిపోయింది, ఎదుగూ బొదుగూ లేదు.
– ఒక పాఠకురాలు, యలహంక, బెంగళూరు

జవాబు: గింజే నాటండి. దానికి ముందు నా సొంత కథ ఒకటి చెప్పాలి. బెంగళూరుకు వచ్చిన కొత్తలో కోలారు దారిలోని ఒక ఊరి తోపులో రెండు సంచుల ఇప్పగింజలు ఏరి తెచ్చాను. మా నాన్నగారు వేరుశనగలు ఆరబెట్టినట్టే మేడమీద చాప పరిచి, ఎనిమిది రోజులు ఎండలో తిరగబోసి, డబ్బాలో భద్రంచేసి, పదును వాన పడ్డాక అరవై కవర్లలో నాటాను. మొలిచినవి మూడు. ఎండకు మెరిసిపోతున్న ఆ గింజలు చూసి ఎంత మురిసిపోయానో ఇప్పటికీ గుర్తుంది. నూనె తీసేవారు ఎండబెట్టేది గానుగ కోసం. నాటేవాడు ఆ పని చేస్తే, గానుగకు పంపినట్టే.

ఇప్పగింజ కూడా ఓక్ కాయలాగానే తడి ఆరితే చచ్చేది. వేసవి మొదట్లో పూలు రాలి, తొలకరి నాటికి ఆకుపచ్చని పండ్లు పక్వానికి వస్తాయి. రాత్రివేళ గబ్బిలాలు కండ తిని గింజలను జారవిడుస్తాయి. తెల్లవారి చెట్టు కింద తాజాగా మెరుస్తూ, గోధుమ ఎరుపు రంగులో, ఒకవైపు కాస్త పలకగా కనిపించే ఆ గింజలే మీకు కావలసినవి. కండ అంటుకుని ఉంటే కడిగేయండి, లేకపోతే చీమలూ బూజూ చేరతాయి. తడిగుడ్డలో చుట్టి తెచ్చి, మరునాడే నాటండి. పడుకోబెట్టి, వేలి గణుపంత లోతులో నాటాలి. వానలు ఉన్నాయి గనక రెండు మూడు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. కవర్లలో అయితే సన్నగా పొడవుగా ఉన్నవి, అడుగుకు తగ్గని లోతున్నవి వాడండి. వీలైతే చెట్టు నిలవవలసిన చోటే మూడేసి గింజలు నాటి, ఏడాది తరవాత బలమైనదాన్ని ఉంచుకోవడం ఇంకా మంచిది. ఎందుకో మీ దగ్గరున్న నల్ల కవరు మొక్కే చెబుతుంది.

ఆ కవరును పక్కనుంచి బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. తల్లివేరు అడుగుదాకా దిగి, దారి లేక చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. మొక్క ఎదగకపోవడానికి కారణం అదే. ఆ చుట్టను అలాగే పాతిపెడితే, చెట్టు కొంత పెరిగాక వేరే వేరును బిగించి గాలివానకు కూలదోస్తుంది. జూన్, జూలై నెలల్లో, మబ్బు పట్టిన సాయంకాలం చూసి, అడుగున చుట్ట తిరిగిన భాగాన్ని పదునైన కత్తితో ఒక్క కోతతో తీసేసి, పక్కల చుట్టుకున్న సన్నవేర్లను వేళ్ళతో విడదీసి, రెండడుగుల గుంటలో అక్కడి మట్టినే ఎక్కువగా నింపి నాటండి. కొన్నాళ్ళు వాడినట్టు ఉంటుంది, ఆకులు కొన్ని రాలుస్తుంది. చిగురు కోసం ఒక వానకాలమంతా ఎదురుచూడవలసి రావచ్చు. ఇది బతకకపోయినా నేను ఆశ్చర్యపోను, కాబట్టి అదే సమయంలో గింజలు కూడా నాటి ఉంచుకోండి.

చోటు విషయంలో ఒక్క మాట. ముప్పై నలభై అడుగుల సైటులో ఇప్ప వద్దు. పెద్ద చెట్టవుతుంది, పైగా కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం తరవాత కొట్టేయాలన్నా అనుమతి కావాలి. లేఅవుటు పార్కులో, కరెంటు తీగలకు దూరంగా, సంఘంవారిని అడిగి నాటండి. జయనగర్ పాఠకురాలికీ ఇదే నా సలహా. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు పాదు నిండా నీళ్ళు పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైనే ఉండిపోతుంది. పాదులో రాలిన ఆకులు మందంగా పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. పార్కుల్లో పసిమొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్ళు లేక కాదు, గడ్డి కోసే యంత్రం తీగ తగిలి మొదట్లో బెరడు చుట్టూ తెగడంవల్ల. తోటమాలితో ముందే మాట్లాడి, మొక్క చుట్టూ రెండడుగుల మేర గడ్డిని చేత్తోనే తీయించండి.